రాత్రి మెరిసిన పూత

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పల్స్ లేజర్‌తో వజ్రంలాంటి కార్బన్ పూతలు వేసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అందరికంటే గట్టి పూత నీదే కావాలని పట్టుబట్టావట. నేనూ ఒకప్పుడు అంతే, అందుకే రాస్తున్నాను.

నా తొలి మందపాటి పూత సిలికాన్ పలక మీద అద్దంలా వచ్చింది. రాత్రి పెట్టెలో భద్రంగా దాచాను. పొద్దున మూత తీస్తే అంచు నుంచి లోపలికి వానపాములు పాకినట్టు మెలికల చాళ్లు! ఊపిరి తగిలితే రేకులు లేచాయి.

తప్పు నా తొందరది. లేజర్ దెబ్బకు గ్రాఫైట్ నుంచి లేచిన కార్బన్ అయాన్లు వేగంగా వచ్చి పొరలోకి దూరతాయి. ఆ దూరడం వల్లే పరమాణువులు వజ్రంలోలా నాలుగేసి బంధాలు వేసుకుంటాయి. ఆ దూరడం వల్లే లోపల ఇరుకై, ఒత్తిడి గిగాపాస్కళ్లలోకి (ఒక్కోటి మామూలు గాలి ఒత్తిడికి దాదాపు పదివేల రెట్లు) పోతుంది. గట్టిదనం, ఒత్తిడి ఒక తల్లి బిడ్డలే. పూత మందమయ్యే కొద్దీ ఆ ఒత్తిడి దాన్ని పలక నుంచి ఊడబెరుకుతుంది. కాబట్టి ముందు 100 నానోమీటర్ల దగ్గర చెయ్యి కుదుర్చుకో. మందం కావాలంటే కొంత వేసి, వాక్యూమ్‌లోనే 600 డిగ్రీల దాకా కొద్ది నిమిషాలు వేడి చేసి, ఆపైన మళ్లీ వెయ్యి. ఒత్తిడి చాలావరకు పోతుంది, వజ్రపు బంధాలు చాలావరకు నిలుస్తాయి. అలాగని పూత వేసేటప్పుడే పలకను వేడెక్కించకు. 200 డిగ్రీలు దాటితే పొర గ్రాఫైట్ వైపు జారుతుంది. వేసేటప్పటి వేడి వేరు, వేశాక పెట్టే వేడి వేరు.

లేజర్ లోపలికి వెళ్లే వాక్యూమ్ చాంబర్ కిటికీ సంగతి ఎవరూ చెప్పరు. లోపలి కార్బన్ దానికీ అంటుకుని మసకబారుతుంది. బయట మీటరు చూపే శక్తి వేరు, టార్గెట్‌కు, అంటే దెబ్బ తినే గ్రాఫైట్ ముక్కకు, చేరేది వేరు. కిటికీ దాటిన తర్వాత ఎంత మిగిలిందో కొలిచి, దాన్నే నోటుపుస్తకంలో రాయి. టార్గెట్ తిరుగుతూ ఉండాలి, గాడి పడగానే నునుపు చేయాలి. లేకపోతే పూత నిండా కార్బన్ నలుసులే. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌తో ఆ బెడద ఎక్కువ, 248తో తక్కువ. ఆ రెండూ కంటికి కనపడవు, రక్షణ కళ్లద్దాలు తీసి లోపలికి వంగకు.

ఇక పరీక్షలు. పచ్చ లేజర్‌తో తీసిన రామన్ స్పెక్ట్రం (పూత చెదరగొట్టిన వెలుగును బట్టి బంధాలను గుర్తుపట్టే గీత) ప్రధానంగా గ్రాఫైట్ తరహా బంధాల గురించే మాట్లాడుతుంది. దాన్ని చూసి వజ్రం శాతం ఇంత అని తేల్చేయకు. ఆ గీతలో 1332 cm⁻¹ దగ్గర వజ్రపు శిఖరం లేదని బెంగపడకు, ఇది స్ఫటికం కాదు. గట్టిదనం కొలిచే సూది పూత మందంలో పదో వంతుకు మించి దిగకూడదు. దిగితే కింద ఉన్న, 12 గిగాపాస్కళ్ల సిలికాన్ కూడా నీ లెక్కలో కలుస్తుంది. 100 నానోమీటర్ల పూతకు అది పది నానోమీటర్లే, యంత్రానికీ కష్టమే. 50 గిగాపాస్కళ్లు వచ్చాయని ఎగిరి గంతేసే ముందు ఎంత లోతులో వచ్చాయో చూసుకో.

ఒక్కటి మాత్రం మరవకు: పూత వేయకముందే పలక వంపు కొలిచి పెట్టుకో. వేశాక మళ్లీ కొలిస్తే, 1909 నాటి స్టోనీ సూత్రంతో ఒత్తిడి తెలుస్తుంది. ముందు కొలవకపోతే ఆ అవకాశం మళ్లీ రాదు.

ఆ ఊడిన ముక్క ఇంకా నా సొరుగులోనే ఉంది. దసరాకు వచ్చినప్పుడు భూతద్దం తెచ్చుకో, చాళ్లు ఏ అంచు దగ్గర మొదలయ్యాయో చూపిస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న