ఏడో పేజీలో ముసలావిడ

రాజోలు,
ఆదివారం.

బాబూ,

నీ కథ చదవడం మొదలుపెట్టి నాలుగో పేజీ దగ్గర విసుగొచ్చి కళ్ళజోడు తీసేశాను. ‘తహసీల్దారు తన పదవి యొక్క సద్గుణం చేత కమిటీకి అధ్యక్షుడయ్యాడు’ అని రాశావు. పదవికి సద్గుణం ఏమిటి నాయనా? ‘బై వర్చ్యూ ఆఫ్’ అని నీ తలలో మెదిలింది, నిఘంటువు తెరిచావు, వర్చ్యూ ఎదురుగా సద్గుణం కనపడింది, తెచ్చి అతికించావు. మా పంచాయతీ గుమాస్తా కూడా ‘పదవి రీత్యా’ అంటాడు.

అంతటితో ఆగావా? కథానాయికను ‘సుగుణాల రాశి’ అన్నావు. అది పెళ్ళిళ్ళ పేరయ్య మాట. గుణమంటే సంస్కృతంలో తాడు కూడా, వింటినారి కూడా. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు తాడు కొనేవాడు దాని రంగు చూసి డబ్బివ్వడు. ఒక కొస కాలికింద తొక్కిపెట్టి రెండు చేతులా లాగి చూస్తాడు. పన్నెండు పేజీల్లో నీ కథానాయికను ఎవరూ అలా లాగి చూడలేదు. కథకు ముందు గ్రీకుల నాలుగు సద్గుణాలూ, వివేకం, న్యాయం, నిగ్రహం, ధైర్యం, తోరణంలా కట్టావు. అది తీసెయ్.

మర్నాడు మళ్ళీ పట్టుకుని ఏడో పేజీ దాకా వచ్చాను. మనవడికి పచ్చకామెర్లు. ముసలావిడ గట్టు మీది నేల ఉసిరి పీకి, నూరి, మజ్జిగలో కలుపుతుంది. రోటి అంచున మిగిలిన పసరును కూడా వేలితో తుడిచి గిన్నెలో వేస్తుంది. ‘మూడు రోజులైంది, గుణం కనపడలేదు’ అంటుంది. అక్కడి నుంచి కాసేపు ముందుకు కదలలేకపోయాను. వర్చ్యూకి అచ్చమైన తెలుగు ఆవిడ నోట పలికించి, నువ్వు మాత్రం నిఘంటువు చంకన పెట్టుకుని తిరిగావు!

వర్చ్యూ అంటే మొదట్లో మంచితనం కాదు. లాటిన్‌లో వీర్ అంటే మగవాడు, మన వీరుడికి దాయాది. అందులోంచి విర్తూస్, అంటే మగతనం, పరాక్రమం. ఇంగ్లీషులోకి వచ్చాక ఆకుకూ వేరుకూ రాయికీ కూడా వర్చ్యూ ఉండేది, పనిచేసే సత్తువ అన్న అర్థంలో. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఏసు వస్త్రం ముట్టుకోగానే ఆయనలోంచి వర్చ్యూ బయటికి వెళ్ళిందని ఉంటుంది. తెలుగు చేసినవాళ్ళు అక్కడ ‘ప్రభావము’ అన్నారు. ‘సుగుణము’ అని ఉంటే మా వీధి చివరి చర్చిలో ఆ వాక్యం చదివిన ప్రతిసారీ పిల్లలు నవ్వేవాళ్ళు. మన ఆయుర్వేదం వాళ్ళు మందులోని శక్తిని వీర్యం అన్నారు. వీర్, వర్చ్యూ, వీర్యం ఒకే ఇంటి పిల్లలు. ఇప్పుడా మాట ఎక్కడ రాసినా పాఠకుడికి ఒక్క అర్థమే తడుతుంది గనక వాడుకోలేం.

మాటలు ఇలా కుంచించుకుపోవడం మీద నాకు పాత కక్ష ఉంది. మగవాడి పరాక్రమంగా పుట్టిన వర్చ్యూ పోయి పోయి ఆడదాని పాతివ్రత్యం దగ్గర ఆగింది. మన శీలమూ అంతే. స్వభావం, నడవడి అని అర్థం ఉన్న మాటను చీర కొంగుకు ముడివేశారు. నా రెండో కథ సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగు మీద. నరసాపురం వెళ్ళే ఆఖరి పంటు. నిండాక మోతుబరి అరిచినా, సొంత బావమరిది బతిమాలినా ఎక్కించుకోడు. తాడు విప్పే ముందు పెదవులు కదుపుతూ తలలు లెక్కపెడతాడు. ‘శీలం గలవాడు’ అని రాశాను. సంపాదకుడు అది కొట్టేసి ‘మంచివాడు’ అని అచ్చువేశాడు. పైగా ‘మగవాడికి శీలమేమిటమ్మా’ అని కార్డు! శీలం పోయి గోదావరిలో దూకే అమ్మాయిల కథలు మాత్రం వారం వారం వేసేవాడు. నలభై ఏళ్ళయింది. ఆ కార్డు నా పెట్టెలోనే ఉంది.

తప్పనిసరైన దాన్ని వర్చ్యూగా మార్చుకోవడం అని ఇంగ్లీషులో ఒక వాడుక ఉందనీ, దాన్ని తెలుగులో ఎలా రాయాలనీ అడిగావు. రాయకు. 1986 ఆగస్టు వరదలో మేమంతా డాబా మీద ఉన్నాం. పొయ్యి రాజేసే దారి లేదు. మా అత్తగారు నానిపోయిన బియ్యం మూట వైపు ఒకసారి చూసి, ‘ఇవాళ ఏకాదశి, అందరం ఉపవాసం’ అన్నారు. మర్నాడు కూడా ఏకాదశే అన్నారు.

కలం పేరు సంగతి, పుస్తకం అచ్చుకు ఎంతవుతుందన్న సంగతి మరోసారి చూద్దాం.

కథ తిరుగు టపాలో పంపుతున్నాను. నాలుగో పేజీ నిండా ఎర్ర సిరా ఉంటుంది, ఏమీ అనుకోకు. ఏడో పేజీలో ఒక అచ్చుతప్పు ఉంది. దిద్దబోయి మానేశాను. అవునుగానీ, ఎనిమిదో పేజీ నుంచి తహసీల్దారు గొడవలో పడి ఆ పిల్లవాడి ఊసే ఎత్తలేదు నువ్వు. బతికాడా? కథలో రాయకపోతే మానె, నాకు మాత్రం ఒక కార్డు ముక్క రాయి.