కౌన్సెలింగ్ చదువుకు అమెరికా వెళ్లాలనుకుంటే, ముందు వీసా సంగతి చూడండి

"అక్కా, సాఫ్ట్‌వేర్‌తో విసిగిపోయాను. అమెరికాలో కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా. ఏ యూనివర్సిటీ మంచిది?"

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. నేనూ బెంగళూరు నుంచే టెక్సాస్ వెళ్లాను. అక్కడే చదివి, లైసెన్సు తెచ్చుకుని డాలస్ దగ్గర కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. సెలవులకు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదాన్ని, ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను. యూనివర్సిటీ సంగతి చివర్లో చూద్దాం. ముందు మీరు ఏ వీసా మీద వెళ్తున్నారు, ఏ రాష్ట్రంలో ఉండబోతున్నారు?

కంప్యూటర్స్‌లో ఎం.ఎస్. చేసినవాళ్లు పట్టా రాగానే ఉద్యోగంలో చేరిపోవచ్చు. కౌన్సెలర్‌కు అలా కుదరదు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండాలి. దాన్ని టెక్సాస్‌లో ఎల్‌పీసీ అంటారు, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ, న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ. పేర్లతో పాటు నియమాలూ మారతాయి. కాక్రెప్ అనే సంస్థ గుర్తింపు ఉన్న క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ డిగ్రీ 60 క్రెడిట్లు. అందులోనే కనీసం 100 గంటల ప్రాక్టికమ్ (క్లయింట్లతో తొలి అభ్యాసం), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. లైసెన్సు పరీక్ష వేరే రాయాలి. డిగ్రీ తర్వాత సూపర్‌వైజర్ కింద పని చేయాలి: టెక్సాస్‌లో 3,000 గంటలు, అందులో 1,500 నేరుగా క్లయింట్లతో. రోజుకు ఎన్ని గంటలు కష్టపడినా 18 నెలల కంటే ముందు పూర్తి చేయనివ్వరు. కాలిఫోర్నియాలోనూ 3,000 గంటలే, కానీ కనీసం 104 వారాలు పట్టాలి.

ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లు ఇక్కడే ఆగి లెక్క వేసుకోవాలి. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే పని చేయడానికి అనుమతి ఇచ్చేది 12 నెలలు. ఇంజనీరింగ్ వాళ్లకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సుల జాబితా) కింద ఇంకో 24 నెలలు కలుస్తాయి. కౌన్సెలింగ్ ఆ జాబితాలో లేదు. కనీసం 18 నెలలు పట్టే పని 12 నెలల్లో ఎలా అవుతుంది? ఆ లోపు హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. అంతకంటే ముందు, ఇంకా పూర్తి లైసెన్సు రాని మనిషికి స్పాన్సర్ చేసే క్లినిక్ దొరకాలి. అది ఐటీ కంపెనీని పట్టుకున్నంత తేలిక కాదు. యూనివర్సిటీలకు అనుబంధంగా నడిచే లాభాపేక్ష లేని ఆసుపత్రులకు లాటరీ గొడవ లేకపోవచ్చు. వెతికితే అలాంటి చోట్ల వెతకండి.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూడండి. క్రెడిట్‌కు 700 డాలర్లు అనుకున్నా 60 క్రెడిట్లకు 42,000. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ దీనికి అదనం. కన్సల్టెన్సీ వాళ్లు ఇవేవీ చెప్పరు. వీసాకు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొస్తే వాళ్ల పని అయిపోయినట్టే. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి, అక్కడే స్థిరపడిపోతామన్న ధైర్యంతో ఈ చదువుకు ఎఫ్-1 మీద వెళ్తానంటే నేను వద్దనే అంటాను. చాలామందికి నా మీద కోపం వచ్చింది కూడా.

పెళ్లయి హెచ్-4, అంటే హెచ్-1బీ ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా మీద వెళ్లే చెల్లెళ్ల సంగతి వేరు. వీసా మార్చకుండానే చదువుకోవచ్చు, ఫుల్‌టైమ్ చేయాలన్న నిబంధన లేదు, చాలా రాష్ట్రాల్లో కొంతకాలం ఉన్నాక స్థానికుల ఫీజే కట్టొచ్చు. ఇంటర్న్‌షిప్ దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకుండా జీతం తీసుకుని పని చేయకూడదు. జీతం తీసుకోకపోయినా, మామూలుగా ఉద్యోగి చేయాల్సిన పని అయితే అదీ ఉద్యోగమే అనే ప్రమాదం ఉంది. కొందరు ఆ దశకు వచ్చేసరికి ఎఫ్-1కి మారి, సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేస్తారు. ఆ మార్పుకు నెలలు పట్టొచ్చు కాబట్టి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మీవారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉంటే మీకు ఈఏడీకి అర్హత ఉంటుంది, సగం టెన్షన్ పోతుంది. ఏం చేసినా వాట్సాప్ గ్రూపులో అడిగి నిర్ణయించుకోకండి, ఒక గంట ఇమిగ్రేషన్ లాయర్‌కు డబ్బు కట్టండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ తిప్పలేవీ లేవు.

ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలు చూసి, పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సుకు ఎఫ్-1 వస్తుందనుకోకండి. రాదు.

ఇక అడ్మిషన్. సైకాలజీ డిగ్రీ లేకపోయినా చాలా చోట్ల తీసుకుంటారు, బీటెక్ వాళ్లు కూడా చేరుతున్నారు. ఇంట్రడక్టరీ సైకాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి ముందు చదవమనొచ్చు. మూడేళ్ల బీఏ, బీకామ్‌లను కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ముందే రాసి అడగండి. అసలు పరీక్ష, ఈ చదువు ఎందుకో మీరు రాసిచ్చే స్టేట్‌మెంట్, ఇంటర్వ్యూలే. నాకు చూపించిన స్టేట్‌మెంట్లలో సగం ఒకేలా మొదలవుతాయి: చిన్నప్పటి నుంచి ఫ్రెండ్స్ అందరూ తమ బాధలు నాకే చెప్పుకునేవారు అని. యూనివర్సిటీ వాళ్లకు అది అక్కర్లేదు. మీ కోపం, మీ భయం, మీ ఇంట్లో కులం గురించో డబ్బు గురించో విన్న మాటలు మీ మీద ఎలా పనిచేశాయో మీకు తెలుసా అన్నది చూస్తారు. గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించే ఇంటర్వ్యూలు కూడా ఉంటాయి. అక్కడ ఎక్కువ మాట్లాడినవాళ్ల కంటే పక్కవాళ్ల మాట విన్నవాళ్లకే మార్కులు. మన కోచింగ్ చదువుల్లో ఎవరూ నేర్పని విద్య అది.

ఈ పని మీకు సరిపడుతుందో లేదో ఇక్కడే తెలుసుకోవచ్చు. బెంగళూరులో పరివర్తన్ లాంటి సంస్థలు కౌన్సెలింగ్‌లో శిక్షణ ఇస్తాయి. చెన్నైలో ఉంటే 1986 నుంచి ఆత్మహత్యల నివారణకు పనిచేస్తున్న స్నేహలో వాలంటీర్‌గా చేరొచ్చు. కొన్ని నెలలు ఏడుస్తున్న మనిషి ఎదురుగా సలహా ఇవ్వకుండా కూర్చోగలిగితే అప్పుడు అప్లికేషన్ తెరవండి. హోసూర్ రోడ్డు మీదున్న క్రైస్ట్ యూనివర్సిటీలోనూ, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లోనూ కౌన్సెలింగ్ సైకాలజీ పీజీలు ఉన్నాయి. ఇండియాలోనే ప్రాక్టీసు చేయాలనుకుంటే అవి చాలు. అమెరికా డిగ్రీతో తిరిగొచ్చినా ఇక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోలేరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి, అది వేరే దారి.

ఇంకో సంగతి, అక్కడికి వెళ్లాక గానీ ఎవరికీ తట్టదు. మన తెలుగువాళ్లున్న చోట కౌన్సెలర్‌గా బతకడం కొంచెం ఇబ్బందే. మంగళవారం మీ గదిలో భర్త గురించి ఏడ్చిన ఆవిడ శనివారం ఉగాది వేడుకలో మీ పక్కన పులిహోర వడ్డించుకుంటూ ఉంటుంది. ఆవిడ పలకరిస్తే తప్ప మీరు ఎరిగినట్టు కనపడకూడదు. "మా అమ్మాయికి కాస్త నచ్చజెప్పండి అక్కా" అని స్నేహితురాలు అడిగితే కుదరదని చెప్పి, వేరొకరి నంబరు ఇవ్వాలి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ నియమావళి కూడా, నిష్పక్షపాతంగా ఉండలేని దగ్గరివాళ్లకు కౌన్సెలింగ్ చేయొద్దనే అంటుంది. పొగరు అంటారు. అననివ్వండి. మీరు నోరు మెదపరన్న పేరు వస్తేనే రెండో తెలుగు క్లయింట్ వస్తారు.

ఇప్పుడు యూనివర్సిటీ. మీవారి ఉద్యోగం ఉన్న రాష్ట్రమో, మీరు ఉండిపోవాలనుకున్న రాష్ట్రమో ముందు తేల్చుకోండి, అక్కడి లైసెన్సు బోర్డు నియమాలు చదవండి, ఆ తర్వాతే కాలేజీ. కాక్రెప్ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సు వాళ్లూ, దాన్ని ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది లైసెన్సు పరీక్ష పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయన్నది ఏటా ప్రకటించాలి. అది చూడండి. తర్వాత కోర్సు డైరెక్టర్‌కు మెయిల్ రాసి రెండు విషయాలు అడగండి: ఇంటర్న్‌షిప్ చోటు మీరు చూపిస్తారా, మేమే వెతుక్కోవాలా? గత రెండు మూడేళ్లలో ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్న విద్యార్థులు ఎక్కడెక్కడ చేశారు? జవాబు వచ్చాకే అప్లికేషన్ ఫీజు కట్టండి.