ఉప్పు నీళ్లకి ధనియాలు మొలవట్లేదు, ట్రైకోడెర్మా పట్టించమంటారా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గుంటూరు, డాబా మీద కుండీల్లో ధనియాలు, మెంతులు, తులసి వేస్తుంటా. మొక్కలకి బోరు నీళ్లే దిక్కు, అవేమో ఉప్పన, కుండీ అంచులకి తెల్లగా పొర కడుతోంది. ధనియాలు రెండుసార్లు వేశా, వచ్చిన నాలుగు మొలకలూ వాలిపోయాయి. ఎరువుల షాపాయన ట్రైకోడెర్మా అనే బూజు పొడి ఇచ్చి విత్తనాలకి పట్టించమన్నాడు. బూజు పట్టిస్తే విత్తనం కుళ్లిపోదా? – ఓ పాఠకురాలు

జవాబు: కుళ్లదమ్మా, ఇది విత్తనాన్ని కుళ్లబెట్టే బూజుల్ని తినే బూజు. ముందు ఉప్పు ఏం చేస్తుందో చెప్తా. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట ఎలా దిగుతుందో చూస్తారుగా, మట్టిలో ఉప్పు ఎక్కువైనా అదే లాగుడు, విత్తనం చుట్టూ నీళ్లున్నా లోపలికి పీల్చుకోలేదు. ఎలాగో మొలిచినా ఆ ఒత్తిడికి మొక్కలో ఇథిలీన్ అనే హార్మోన్ వాయువు పెరిగి వేరు కురచైపోతుంది. ట్రైకోడెర్మాలో కొన్ని రకాలు ఆ ఇథిలీన్ తయారయ్యే ముడిసరుకునే విరగ్గొట్టేస్తాయి, వేరు పెరగడానికి ఆక్సిన్ అనే హార్మోన్ కూడా ఇస్తాయి, అందుకే వేరు బాగా పాకి మొక్క తట్టుకుంటుంది. కానీ మట్టిలో ఉప్పుని మాత్రం ఇది తీసెయ్యదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ధనియాల్ని చెక్కతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి, చల్లారిన పల్చటి గంజి రెండు చుక్కలు వేసి తడిపి, కిలోకి 10 గ్రాముల లెక్కన, అంటే 50 గ్రాముల ధనియాలకి అర గ్రాము, చిటికెడు పొడి చాలు, గింజ మీద బూడిద పూసినట్టు కనబడేదాకా కలిపి నీడలో ఆరబెట్టి వెంటనే విత్తేయండి. ఎండలో పెడితే శిలీంధ్రం చచ్చిపోతుంది. ప్యాకెట్ మీద డేట్ చూసుకోండి, పింక్ రంగు మందు పట్టించిన విత్తనాలు మాత్రం వద్దు, ఆ మందు దీన్నీ చంపేస్తుంది.

మైకోరైజా అని వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం ఇంకోటి అమ్ముతారు, దానికి బతికున్న వేరు కావాలి, అందుకే గింజకి పూయడం కన్నా గింజ కింద మట్టిలో వేయడమే మంచిది. సెరెండిపిటా ఇండికా అనే ఇంకో శిలీంధ్రం ఉంది, థార్ ఎడారిలో సర్కారు తుమ్మ, రేగు వేళ్ల దగ్గర మట్టిలో దొరికింది, అది బార్లీకి ఉప్పుని తట్టుకునే శక్తి పెంచుతుందని 2005లో చూపించారు, మన దేశంలో దొరికిందంటే నాకెంత సంతోషమో!

నా మాట వినండి, మొలిచేదాకా ఆ పది పదిహేను రోజులు మాత్రం తాగే నీళ్లో వాన నీళ్లో పోయండి, మొలక దశే అన్నిటికన్నా నాజూకు. బోరు నీళ్ల ఈసీ, అంటే నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే కొలత, కూడా ఒకసారి టెస్ట్ చేయించండి, అది 0.7 dS/m లోపు ఉంటే దిగుల్లేదు, 3 దాటితే ఏ శిలీంధ్రం పెట్టినా కష్టమే. 20 గింజలు పొడి పట్టించి ఒక కుండీలో, 20 ఉత్తివి పక్క కుండీలో వేసి చూడండి, మీ నీళ్లకి పనిచేస్తోందో లేదో మీకే తెలుస్తుంది.

తులసికి గంజి వద్దు, తడి తగిలితే ఆ గింజలు జిగురెక్కి ఉండ కట్టేస్తాయి, పొడిని పొడి ఇసకలో కలిపి గింజలతో పాటు చల్లేయండి.