మెకానిక్ షెడ్ ఉన్న నేలలో పొద్దుతిరుగుడు నూనె పోస్తే విషం పోతుందా?

హనుమకొండ దగ్గర మీరు కొన్న జాగాలో ముప్పై ఏళ్లు మెకానిక్ షెడ్ నడిచిందని, నేలంతా నల్లబడి ఆయిల్ వాసన వస్తోందని రాశారు. పొద్దుతిరుగుడు నూనె మట్టిలోని విషాన్ని కరిగించి తీస్తుందని చదివానని, అది పోసి కూరగాయలు పెట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి పోయకండి. నేను పోసి చూశాను.

నర్సంపేట రోడ్డు వైపున్న మా జాగాను నాయిన పన్నెండేళ్లు ఒక షెడ్డుకు కిరాయికిచ్చాడు. వాళ్లు ఖాళీ చేశాక ఒక మడిలో ఐదు లీటర్ల నూనె పోసి, పెంట కలిపి వంకాయ నారు పెట్టాను. నీళ్లు పడితే మట్టిలోకి ఇంకలేదు, పైపైనే జారిపోయాయి. మూడు వారాల్లో నారు పసుపుబారి చచ్చిపోయింది. నూనెను తినే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయని, మొక్కకు ఏమీ మిగలదని తర్వాత తెలిసింది.

అయితే మీరు చదివింది అబద్ధం కాదు. కాలిన ఇంజిన్ ఆయిల్‌లో పీఏహెచ్‌లు అనే పదార్థాలుంటాయి, ఇవి ఆయిల్, బొగ్గు లాంటివి కాలినప్పుడు పుట్టే విష రసాయనాలు. వాటిలో ఒకటైన బెంజోపైరీన్ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. లీటరు నీళ్లలో అది కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు, అందుకే ఎన్ని వానలు పడినా కొట్టుకుపోదు. నూనెలో మాత్రం బాగా కరుగుతుంది. రోడ్డు తారు కాలికంటితే నూనె రాసి తుడుస్తాం కదా, అదే సంగతి. బొగ్గు నుంచి గ్యాస్ తీసిన పాత ఫ్యాక్టరీల మట్టిని గొట్టాల్లో నింపి, పొద్దుతిరుగుడు నూనెతో కడిగి, పీఏహెచ్‌లలో 80 శాతానికి పైగా బయటికి తీసిన ప్రయోగాలున్నాయి.

కానీ అక్కడ విషం కరిగిన నూనెను మట్టిలోంచి మళ్లీ బయటికి తీస్తారు. అసలు పని అదే. పోసి వదిలేస్తే విషం ఎక్కడికీ పోదు.

మా మట్టి కిలో తీసుకుని, ఎండబెట్టి, జల్లించి, ప్లాస్టిక్ డబ్బాలో లీటరు నూనెతో రెండు రోజులు కలుపుతూ ఉంచాను. వడకట్టిన నూనె డికాక్షన్ రంగులో వచ్చింది. అంటే ఏదో కరిగింది, నిజమే. కానీ మట్టి జిడ్డుగానే మిగిలింది. మాది చెలక కాబట్టి ఆమాత్రమైనా వడిసింది. మీది రేగడి అయితే బంకమట్టి నూనెను అస్సలు వదలదు, తడిగా ఉంటే నూనె లోపలికి పోవడమే కష్టం. లెక్క కూడా చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు మట్టి సుమారు నాలుగు టన్నులు. కిలోకు లీటరు చొప్పున నాలుగు వేల లీటర్ల నూనె కావాలి!

ఇంకో మాట, ఇది ముఖ్యం. నూనెతో సీసం లాంటి లోహాలు పోవు. మన దేశంలో 2000 సంవత్సరం దాకా పెట్రోల్‌లో సీసం కలిపేవారు, మీ షెడ్ అప్పటికే ఉంది. భూసార పరీక్షలో ఇది తేలదు. ల్యాబ్‌లో సీసం, పీఏహెచ్‌లు రెండూ చూడమని ప్రత్యేకంగా అడగండి.

చివరికి మేం చేసింది చెప్తాను. బాగా నల్లబడిన మట్టిని తవ్వి టార్పాలిన్ మీద కుప్ప పోశాం. సూక్ష్మజీవులు ఆయిల్‌ను తినేసేలా వరిగడ్డి, పెంట, కొంచెం యూరియా కలిపి, తడి ఆరకుండా చూస్తూ పదిహేను రోజులకోసారి తిరగేశాం. వాన నీళ్లు బయటికి పారకుండా పైన కప్పాం. పద్నాలుగు నెలలకు ఆయిల్ వాసన పోయింది. వాసన పోయినంత మాత్రాన బెంజోపైరీన్ లాంటి బరువైన పీఏహెచ్‌లు పోయినట్టు కాదు కాబట్టి ఆ మట్టిలో తినేవేవీ పెట్టలేదు, బంతి, గన్నేరు పెట్టాం. కూరగాయలకు ఇటుకలతో ఎత్తు మడులు కట్టి, అడుగున మందం షీటు పరిచి, బయటి ఎర్రమట్టి తెచ్చి నింపాం.

డబ్బాలో పరీక్ష మీరూ చేస్తే, ఆ నూనెను మోరీలో పారబోయకండి, దీపానికీ వాడకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్లను అడిగి అప్పగించండి. జాగాలో బావిగానీ బోరుగానీ ఉంటే ఆ నీళ్లు కూడా పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాకే తాగండి.