సభలో అన్న మాటకి కేసు లేదు, పుచ్చుకున్న సొమ్ముకి ఉంది

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న ఇంజినీరింగ్ యూనిట్. రక్షణ రంగానికి విడిభాగాలు చేస్తాం. 16 నెలల కిందట ఒక ప్రభుత్వ రంగ సంస్థ మా టెక్నికల్ బిడ్ తిరస్కరించి, ఆర్డరు ఒక పెద్ద కంపెనీకి ఇచ్చింది. మొన్న లోక్‌సభలో రక్షణ పద్దులపై చర్చలో ఒక ఎంపీ అదే కంపెనీని పేరుపెట్టి పొగిడారు. ఆ కంపెనీ ఆయన పార్టీకి విరాళం ఇచ్చింది. కాగితం జతచేశాను. మా నాన్నగారు సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ప్రసంగం టీవీలో చూసి ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎంపీ మీద కేసు పెట్టవచ్చా? పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయమంటారా? రక్షణ శాఖ డిపోలో పనిచేసే మిత్రుడు ఇచ్చిన కాగితాలు కూడా పంపుతున్నాను.

జవాబు: మీ నాన్నగారి సంగతి పక్కన పెడతాను. కోర్టూ పక్కనే పెడుతుంది. నాలుగు పేజీల ఉత్తరంలో మీరు ఒక్కచోట కూడా తేదీలు వరసగా రాయలేదు. నేనే రాసుకున్నాను. ముందు మీ బిడ్ తిరస్కరణ, తర్వాత అవతలి కంపెనీకి ఆర్డరు, ఆ తర్వాత విరాళం, అన్నిటికన్నా చివర ప్రసంగం. ఆర్డరు ఇచ్చిన ఏడాది దాటాక చేసిన ప్రసంగం వల్ల ఆ ఆర్డరు వచ్చిందని ఏ జడ్జిగారి ముందు చెబుతారు?

పైగా ఆ ప్రసంగం మీద కేసు నడవదు. రాజ్యాంగం 105(2) అధికరణం ప్రకారం సభలో అన్న మాటకి, వేసిన ఓటుకి సభ్యుడిని ఏ కోర్టూ నిలదీయలేదు. కంపెనీని పొగిడినా, తిట్టినా అంతే. (చర్చంటూ జరిగింది, అది నయం. 2018లో రక్షణతో సహా అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండా గిలటిన్‌లో, అంటే అన్నిటినీ ఒకేసారి ఓటుకి పెట్టే పద్ధతిలో, గట్టెక్కాయి.)

లంచం సంగతి వేరు. సభలో ఓటేయడానికి లంచం తీసుకుని, ఆ ప్రకారం ఓటేసిన సభ్యుడికి కూడా రక్షణ ఉంటుందని 1998లో పీవీ నరసింహారావు కేసులో మెజారిటీ తీర్పు వచ్చింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లంచం పుచ్చుకున్న క్షణమే నేరం పూర్తవుతుంది, ఆ తర్వాత సభలో ఏం చేశారన్నది అనవసరం అంది. కాబట్టి మీరు వెతకాల్సింది ఆయన నోటి మాటని కాదు. సొమ్ము ఎప్పుడు, ఎవరికి, దేనికి వచ్చిందో వెతకండి.

పార్టీకి విరాళం ఇవ్వడం దానంతట అది నేరం కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను (దాత పేరు బయటపడకుండా పార్టీలకి విరాళమిచ్చే పద్ధతి) కొట్టేసింది గానీ, కంపెనీల విరాళాలను నిషేధించలేదు. నేరం కావాలంటే ఫలానా పని కోసమో, చేసిపెట్టిన పనికి ప్రతిఫలంగానో అని తేలాలి. సొమ్ము అధికారి జేబులోకే వెళ్లాలని లేదు, ఆయన ఇంకొకరికి ఇప్పించుకున్నా అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 వర్తిస్తుంది. కానీ అడిగినట్టు, పుచ్చుకున్నట్టు రుజువుండాలి. పరిస్థితుల సాక్ష్యంతోనూ దాన్ని నిరూపించవచ్చని 2022లో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అప్పటి బీజేపీ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్ కేసు గుర్తుండే ఉంటుంది. ఆయుధాల డీలర్లమని చెప్పుకున్న విలేకరుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ 2001లో రహస్య కెమెరాకి చిక్కారు. పార్టీ నిధికి అన్నారు. అయినా 2012లో ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. అక్కడ సొమ్ము చేతులు మారిన దృశ్యం ఉంది, ఏ పనికో చెప్పిన మాటలూ ఉన్నాయి. మీ దగ్గర ఏముంది? ఒక ఫోటో.

ఆ ఫోటో కూడా సరిగ్గా తీయలేదు. అది పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చే ఫారం 24ఏలో ఒక పేజీ. 20 వేలకు మించిన ప్రతి విరాళం అందులో ఉండాలి. దాత పేరు, మొత్తం కనిపించేలా తీసి, కుడివైపు గడులు కత్తిరించేశారు. చెక్కు తేదీ, బ్యాంకు వివరాలు రాసేది అక్కడే! మీ కేసులో పనికొచ్చే ఒక్క అంకె మీ బొటనవేలి కింద ఉండిపోయింది. పేజీ మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. ఆ కంపెనీ వార్షిక లెక్కలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి చూడవచ్చు. బాండ్ల తీర్పుతో కంపెనీల చట్టం సెక్షన్ 182కి పాత రూపం తిరిగొచ్చింది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం మించి ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో చూపాలి. ఇది ఎంపీ జోలికి వెళ్లకుండానే తేలే విషయం.

ఇప్పుడు ఆ డిపో కాగితాలు. మొదటి పేజీ మీద ‘గోపనీయం’ ముద్ర చూడగానే ఫైలు మూసేశాను, రెండో పేజీ చూడలేదు. రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో బయటికొచ్చిన కాగితాల్ని కోర్టు చూసింది కదా అని రాశారు. 2019 ఏప్రిల్ 10 నాటి ఆ ఉత్తర్వు అప్పటికే పత్రికలో అచ్చయిన పత్రాల గురించి. దొంగచాటుగా ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకున్నవాడికి అది క్షమాభిక్ష కాదు. అధికార రహస్యాల చట్టం, 1923లో సెక్షన్ 5 ఇచ్చినవాడితో పాటు తెలిసి పుచ్చుకున్నవాడినీ పట్టుకుంటుంది, మూడేళ్ల దాకా జైలు. మీ మిత్రుడి ఉద్యోగం సంగతి సరేసరి. ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి. భయపడి చెరిపేయకండి కూడా, అప్పుడు సాక్ష్యం మాయం చేశారంటారు. క్రిమినల్ ప్రాక్టీసున్న లాయరు దగ్గరికి ఈ వారంలోనే స్వయంగా వెళ్లండి. ఫోన్‌లో మాట్లాడవద్దు.

ప్రసంగంలో అరనిమిషం ముక్క కత్తిరించి ‘అమ్ముడుపోయిన ఎంపీ’ అని వాట్సాప్‌లో పెట్టాలన్న ఆలోచనా మానుకోండి. సభా కార్యక్రమాల్ని ఉన్నదున్నట్టు ప్రచురిస్తే చట్టం కాపాడుతుంది, మీ శీర్షికని కాపాడదు. పరువునష్టం కేసు మీ మీదే పడుతుంది.

పిల్ అన్నారు. బాండ్ల లావాదేవీలపై సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయమన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టే తోసిపుచ్చింది, మామూలు క్రిమినల్ చట్టంలో దారులుండగా ఇలా రావడం తగదంది. టెండర్ పోయిన మీరు ప్రజాప్రయోజనం అంటే హైకోర్టులో మొదటి ప్రశ్నే మీ స్వప్రయోజనం గురించి వస్తుంది. టెండర్ నిర్ణయం మీద నేరుగా హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కి గడువు రాసిపెట్టి లేదు గానీ, 16 నెలలు చేతులు ముడుచుకు కూర్చుని, సరుకు సరఫరా సగం అయ్యాక వస్తే ఆలస్యం మీదే కొట్టేస్తారు. తిరస్కరణ లేఖ వచ్చిన వారంలో రావలసింది.

సమాచార హక్కు దరఖాస్తునీ అలాగే చెడగొట్టుకున్నారు. వాణిజ్య రహస్యం అంటూ తొమ్మిది నెలల కిందట తిరస్కరిస్తే, 30 రోజుల్లో వేయాల్సిన మొదటి అప్పీలు వేయలేదు. కారణం ‘పనుల ఒత్తిడి’ అని రాశారు. పోనీయండి, కొత్త దరఖాస్తు పెట్టండి. ఈసారి అవతలి కంపెనీ వివరాలు అడగకండి. మీ బిడ్‌ని పరిశీలించిన షీటు, తిరస్కరణకి రాసిన కారణాలు, కమిటీ సమావేశం తేదీ, ఇంతే అడగండి. మీ కాగితం మీకివ్వడానికి వాణిజ్య రహస్యం అడ్డం చెప్పడం కష్టం.

ఆ షీటులో మీకు అన్యాయం కనిపిస్తే సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా ఉంది. టెండర్ పోయినవాడికి ఆ దారి ఉంటుందని 2006లో జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. గడువు మూడేళ్లు, మీకు మిగిలింది 20 నెలలు. టెండర్ అధికారుల మీద అనుమానం బలపడితే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేయండి. పేరు బయటపడుతుందన్న భయముంటే ప్రజాప్రయోజన వెల్లడి కింద సీల్ చేసిన కవరులో పంపవచ్చు. ఆకాశరామన్న ఉత్తరం మాత్రం రాయకండి, దాన్ని పట్టించుకోరు.

ఎంపీని వదలనంటారా, అది సభ చూసుకునే వ్యవహారం. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను ఉభయ సభలే బహిష్కరించాయి, 2007లో సుప్రీంకోర్టు సమర్థించింది. లోక్‌సభ నైతిక విలువల కమిటీకి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు గానీ, బయటివారిదైతే ఒక సభ్యుడి ద్వారా వెళ్లాలి. ఆ చెక్కు తేదీ చేతికొచ్చాక మీ నియోజకవర్గం ఎంపీ దగ్గరికి వెళ్లండి, ఈలోగా వద్దు. వెళ్లేటప్పుడు లోక్‌సభ సచివాలయం ప్రచురించిన చర్చ ప్రతి పట్టుకెళ్లండి, యూట్యూబ్ లింకు కాదు.