యాభై నిమిషాలకి ఆపేస్తారెందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మావారు పోయాక నిద్ర పట్టక, పదిహేను రోజులకోసారి బొబ్బిలి నుంచి విశాఖపట్నం వెళ్లి ఒక సైకాలజిస్టు గారిని కలుస్తున్నాను. అయిదుసార్లు అయింది, ఒక్కోసారికి వెయ్యి రూపాయలు. మొన్న నేను ఏడుస్తుండగానే ఆవిడ గడియారం చూసి, "మిగతాది వచ్చేసారి మాట్లాడుకుందాం" అన్నారు. బయటికొచ్చి కౌంటర్లో డబ్బు కట్టాను. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ఆవిడకి నా మీద నిజంగా అభిమానం ఉందా, డబ్బు కోసమే వింటున్నారా?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, డబ్బు కోసమూ వింటున్నారు. అది ఆవిడ బతుకుతెరువు. విజయనగరం సంగీత కళాశాలలో మాస్టారూ జీతం తీసుకునే వీణ నేర్పుతారు. శిష్యుడి వేలు తప్పు మెట్టు మీద పడితే ఆయన ముఖం చిట్లించేది జీతం కోసం కాదు కదా.

పైగా ఆ ఫీజు వల్ల మీకో వెసులుబాటు ఉంది. చెల్లెలి దగ్గర గంటసేపు ఏడిస్తే, రేపు ఆమె కష్టం మీరు వినాలి, ఆమె ఏమనుకుందోనని బెంగ పడాలి. ఇక్కడ ఆ బాకీ వెయ్యితో తీరిపోతుంది.

ఇక గడియారం. సాధారణంగా సిటింగు 45 నుంచి 50 నిమిషాలు. తర్వాతి పది నిమిషాల్లో మీరు చెప్పినవి రాసుకుంటారు. ఈసారి మీరు చెప్పిన మాట వచ్చేసారి ఆవిడకి గుర్తుండేది ఆ రాత వల్లే. అయితే ఏడుస్తున్న మనిషిని ఉన్నపళంగా లేపడం మంచి పద్ధతి కాదు. పది నిమిషాల ముందే "ఇంక కాస్త టైమే మిగిలింది" అని చెప్పి, మీరు కుదుటపడ్డాక పంపాలి. మీవైపు నుంచీ ఒకటి చూసుకోండి: అసలు బాధ నలభయ్యో నిమిషంలో బయటపడుతోందా? చాలామందికి అంతే. బస్సులోనే ఒక్క వాక్యం చీటీ మీద రాసుకుని, కూర్చోగానే అది చదవండి.

ఈ సందేహాన్ని ఆవిడనే అడగండి. "మొన్న మధ్యలో ఆపేస్తే, నేను మీకు డబ్బుమూటనేమో అనిపించింది" అనేయండి. పని తెలిసినవారు నొచ్చుకోరు, అక్కడినుంచే మాట మొదలుపెడతారు. కోప్పడితే, నవ్వి దాటేస్తే ఆలోచించాల్సిందే. అయిదు సిటింగులైంది కనుక నిద్ర ఎన్ని గంటలకి పెరిగింది, ఇంకెన్నాళ్లు రావాలి అన్న లెక్క ఈపాటికి ఆవిడే ఎత్తి ఉండాలి. ఎత్తకపోతే మీరెత్తండి. పది సిటింగుల డబ్బు ముందే కట్టమన్నా, డాక్టరు రాసిన మందులు మానేయమన్నా, "నేను తప్ప మిమ్మల్ని అర్థం చేసుకునేవాళ్లు లేరు" అన్నా అక్కడ ఆగొద్దు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి; అడగడం తప్పు కాదు.

ఖర్చు బరువైతే ఆ మాటా చెప్పండి, తగ్గించేవాళ్లున్నారు. విశాఖలోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాత్రిపూట చావు ఆలోచనలొస్తే వచ్చే సిటింగుదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోను చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మనిషిని మార్చాలనుకున్నా చెప్పకుండా మానేయకండి. చివరిగా ఒకసారి వెళ్లి, ఇప్పటిదాకా జరిగింది ఒక కాగితం మీద రాసిమ్మనండి. కొత్తచోట మళ్లీ మొదట్నుంచీ చెప్పుకునే బాధ తప్పుతుంది.