వేసవిలో చూసిన స్థలం వేసవిలోనే కొనకు

అమలాపురం

చి.సౌ. మేనకోడలికి మావయ్య దీవెనలు.

నువ్వు ఫోనులో పంపిన ఫొటోలు, బ్రోచరు చూశాను. ఏడేళ్ల ఉద్యోగంలో దాచుకున్న పాతిక లక్షల్లో ఇరవై పెట్టి రావులపాలెం అవతల 200 గజాల స్థలం కొందామని ఉందన్నావు. ఫోనులో చెబితే సగం మర్చిపోతామని కాగితం మీద పెడుతున్నాను. ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాశాను. కొన్న రోజు మిఠాయి పంచినవాళ్లే ఆరేళ్లకి అదే కాగితం పట్టుకుని కళ్లనీళ్లతో రావడం చాలాసార్లు చూశాను. నువ్వు అలా రాకూడదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆ ఫొటోలు మే నెలవి. మేలో మన డెల్టా సంగతి నీకు తెలుసు కదా. రెండో పంట దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి, చేలు బీటలు తీసి ఉంటాయి. అప్పుడు ఎంత పల్లమైనా మెరకలాగే కనిపిస్తుంది. ధవళేశ్వరంలో నీళ్లొదిలి, తొలి పంట సార్వా ఊడ్పులై, నాలుగు రోజులు ఎడతెగని వాన పడ్డాక అదే చోటికెళ్లి నిలబడు. ఏ మూల నీరు నిలిచింది, ఎన్నాళ్లకి దిగింది, పక్క చేను రైతునడుగు. అమ్మేవాడి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లొద్దు. రైతు మొహమాటపడతాడు.

ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీటి మీద బతికే ఈ నేలలో చేనుకి రెండు దారులుండాలి: నీరొచ్చే బోదె, నీరు పోయే మురుగు కోడు. లేఅవుటు వేసేవాళ్లు ముందు పూడ్చేది ఈ బోదెనీ కోడునే. వాటి మీద సిమెంటు రోడ్డు పోసి, గేటు కట్టి, కొబ్బరి మొక్కలు నాటుతారు. మరి పై చేల నీరు ఎటు పోవాలి? ఎవరో కొనుక్కున్న స్థలంలోకే వస్తుంది. 2006 ఆగస్టు వరదలప్పుడు గోదారి గట్టుకి చాలా దూరంలో ఉన్న కాలనీల్లో కూడా మోకాలి లోతు నీళ్లు చూశాను. అది ఏరు పొంగి వచ్చిన నీరు కాదు, కోడు పారక నిలిచిన వాననీరు. అందుకని ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలూ గ్రామ పటమూ తీయించి, బోదె, కోడు, పుంత (పాత బండ్ల దారి) ఎక్కడున్నాయో లేఅవుటు ప్లానుతో పోల్చు. పుంత ప్రభుత్వానిది. దాన్ని కలిపేసుకుని గీసిన ప్లాట్లు మన జిల్లాలో లేకపోలేదు.

మెరక లెక్క కూడా చెప్తాను. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు, మన సెంట్లలో నాలుగుకి కాస్త పైన. రెండడుగులు లేపాలంటే 3,600 ఘనపుటడుగుల బుసక మట్టి కావాలి. ట్రాక్టరుకి వంద అడుగులు వేసుకున్నా 36 ట్రాక్టర్లు, అణిగిపోయేదానికి ఇంకొన్ని. మనది నల్లరేగడి, ఆపైన ఇంటి పునాది ఖర్చు వేరు. చుట్టుపక్కల రొయ్యల చెరువులుంటే బోరు నీళ్లు తాగి చూడాలి. ఉప్పగా ఉంటే ఆ స్థలం పేరెత్తొద్దు. ఈ ఖర్చులేవీ బ్రోచరులో ఉండవు.

ఇక కాగితాలు. రిజిస్ట్రేషనైతే హక్కు వచ్చేసినట్టేనా అని అడిగావు. కాదు తల్లీ. సబ్ రిజిస్ట్రారు అమ్మేవాడికి నిజంగా హక్కుందని పూచీపడడు. ఆయన చేసేది దస్తావేజు నమోదు. హక్కు సంగతి కొనేవాళ్లే చూసుకోవాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక, ఆన్‌లైనులో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి, వెతికించు. లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చదువు. ఒక్క చేతిమార్పుకి కాగితం లేకపోయినా అక్కడే ఆగిపో. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు వచ్చింది, రెండిటితోనూ అడంగలు (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు) చూడాలి. ఆ తర్వాత 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా. కోనసీమలో దేవాదాయ భూములు ఎక్కువ, లంకల్లో పేదలకి ప్రభుత్వం పంచిన డి-పట్టాలు ఎక్కువ. డి-పట్టా భూమిని 1977 చట్టం అమ్మనివ్వదు, 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటినవాటికి మాత్రం సడలింపు ఇచ్చింది. సగం ధరకి లంక భూమి వస్తోందని ఎవరైనా ఫోను చేస్తే పెట్టెయ్యి.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది సంతకాల దగ్గర. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ముగ్గురు అన్నదమ్ములు తండ్రి పొలం అమ్మడానికొచ్చారు. వారసులింతేనా అని అడిగాను, ఇంతేనన్నారు. రాసేశాను. వాళ్లకి ఇద్దరు అప్పచెల్లెళ్లున్నారని కొన్నాయనకి కోర్టు నోటీసు వచ్చాకే తెలిసింది. పదకొండేళ్లు తిరిగాడు. ఆ దస్తావేజు నా చేత్తో రాసిందే. అప్పట్నుంచి తహశీల్దారిచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు చూడకుండా నేను కలం పట్టలేదు. నువ్వూ అది అడుగు. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకి 1985 సెప్టెంబరు నుంచే పిత్రార్జితంలో వాటా ఉంది, 2005 కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకీ ఇచ్చింది. తండ్రి ఆ రోజుకి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల దస్తావేజు ఉంటే సంగతి వేరు. లేకపోతే ఆడపిల్లల సంతకాలు ఉండాల్సిందే. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి కూడా చూడు. జీపీఏ, అంటే యజమాని రాసిచ్చిన అధికార పత్రం, చూపించి అమ్మేవాడైతే అసలు యజమానితో నేరుగా మాట్లాడందే ముందుకెళ్లకు.

పంచాయతీ అప్రూవల్ ఉందని చెప్పారన్నావు. అది చాలదు. పట్టణాభివృద్ధి సంస్థదో డీటీసీపీదో (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) లేఅవుటు నంబరు కావాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషను ఉండాలి, ఆ నంబరు రెరా వెబ్‌సైటులో నువ్వే కొట్టి చూడు. రెరా కింద, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకునే హక్కు వాళ్లకి లేదు. బయానా కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వు. స్థలం లావాదేవీలో 20,000 గానీ ఆపైన గానీ నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టం. పుచ్చుకున్నవాడికి జరిమానా, నీ చేతిలో రుజువుండదు.

నరసాపురం రైలు వస్తే ధర రెట్టింపవుతుందని మధ్యవర్తి అన్నాడట. కోటిపల్లి–నరసాపురం లైను 2000-01 బడ్జెట్లో మంజూరైంది. అప్పుడు నువ్వింకా బడికి కూడా వెళ్లడం లేదు. ఆ మాట నమ్మి అప్పుచేసి కొన్నవాళ్లు వడ్డీ కడుతూ పిల్లల చదువులు ఆపుకోవడం నాకు తెలుసు. రైలు వస్తే నాకూ సంతోషమే. కానీ రాని రైలుకి ఈరోజు ధర కట్టొద్దు. ఇప్పుడున్న రోడ్డు, బడి, ఆసుపత్రి చూసి ఎంత చేస్తుందో అంతే ఇవ్వు.

లెక్క ఇలా వేసుకో. 20 లక్షల స్థలానికి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే లక్షన్నర. ప్రభుత్వ విలువ నీ ధరకంటే ఎక్కువుంటే దాని మీద లెక్కిస్తారు. ఆపైన మెరక, కంచె, కమీషను. ఆర్నెల్ల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో మిగలకపోతే ఈ ఏడాది కొనొద్దు. కష్టమొచ్చిన వారంలో స్థలం అమ్ముడుపోదు, అమ్ముడుపోయినా నీ ధర రాదు. బ్యాంకు లోను అవసరం లేకపోయినా వాళ్ల ప్యానెల్ లాయరు అభిప్రాయం డబ్బిచ్చి తీసుకో, ఆ ఖర్చుకి వెనకాడకు. ఫ్లాటా కొబ్బరితోటా అనీ అడిగావు. దూరాన ఉండి తోట చూసుకోలేవు, కాయల దింపు రోజున మనిషి ఉండాలి. ఫ్లాటు గురించి నాకు అనుభవం లేదు, మీ బాబాయినడుగు.

సెప్టెంబరులో రెండు రోజులు సెలవు పెట్టుకుని రా, వాన తగ్గిన మర్నాడు ఇద్దరం వెళ్లి చూద్దాం. ఈలోగా లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు పోస్టులో పంపు, ప్రతి కాగితం రెండు వైపులా తీయించి. రిజిస్ట్రారు ఎండార్స్‌మెంట్లు వెనక వైపే ఉంటాయి, ఫొటోలు తీసేవాళ్లు ఆ వైపు వదిలేస్తారు.

మీ మావయ్య